మిషన్ కాంపౌండు: పట్నంలో అంటరానివాడికి దొరికిన జాగా

దళితులు క్రైస్తవంలోకి ఎందుకు వెళ్లారని అడిగితే అగ్రవర్ణ మేధావుల దగ్గర రెడీగా ఒక జవాబుంటుంది: రొట్టె కోసం, గోధుమ నూక కోసం. మిషన్ల చరిత్ర పుస్తకాలు చూస్తేనేమో అంతా దొరల త్యాగమే. రెండింట్లోనూ మనవాళ్లు చేతులు చాపి నిలబడ్డవాళ్లే తప్ప కదిలినవాళ్లు కారు. మనం వేరే ప్రశ్న వేసుకోవాలి. ఊరి బయట ఉంచిన మనిషికి పట్నం నడిమధ్య నిలబడే జాగా ఎట్లా దొరికింది? కోస్తా జిల్లాల్లో ఆ జాగాల్లో ముఖ్యమైంది మిషన్ కాంపౌండు.

ఆ గేటు మొదటినుంచీ తెరిచిలేదు. మచిలీపట్నంలో 1843లో రాబర్ట్ నోబుల్ పెట్టిన ఇంగ్లీషు బడి పెద్దకులాల పిల్లల కోసం. అంటరాని పిల్లల్ని ఆయన చేర్చుకోలేదు. పైవాళ్లు మారితే కిందివాళ్లు వాళ్లంతటవాళ్లే వస్తారన్నది ఆనాటి మిషనరీలు చాలామంది లెక్క. ఆ లెక్క తప్పింది. ఒంగోలుకు 1866లో వచ్చిన బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దగ్గరికి ముందుగా నడిచొచ్చింది ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ. మాదిగల్ని రానిస్తే మేం రామని పెద్దకులాలవాళ్లు తేల్చి చెప్పారు. క్లౌ దంపతులు మాదిగలవైపు నిలబడ్డారు. నిలబడినందుకు వాళ్లను మెచ్చుకుందాం. కానీ ఎటో ఒకవైపు తేల్చుకోక తప్పని పరిస్థితి తెచ్చింది పేరయ్య, ఆయన చుట్టాలు. కొత్త మాట పల్లె నుంచి పల్లెకు పాకింది వాళ్ల బంధుత్వాల దారినే.

రొట్టె సంగతి కూడా చూద్దాం. 1876-78 కరువులో బకింగ్‌హాం కాలవ తవ్వకంలో కొంత భాగం క్లౌ కాంట్రాక్టుకు తీసుకున్నాడు. జనం మట్టి తవ్వి కూలి తీసుకున్నారు. అది దానం కాదు, కష్టం. కరువు సాయం నడిచినన్నాళ్లు ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ తర్వాత 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. రొట్టె కోసమే అయితే కూలి పని ఉన్నప్పుడే ఆగి, అది అయిపోయాక ఎందుకొచ్చినట్టు?

కాంపౌండులో బడి, బోర్డింగు, ఆస్పత్రి ఉన్నాయి. ఊళ్లో బావి ముట్టనివ్వని ఆడవాళ్ల బిడ్డలు అక్కడ టీచర్లయ్యారు, బైబిలు స్త్రీలయ్యారు, నర్సులయ్యారు. జ్వరమొచ్చిన పెద్దకులపు మనిషి ఆ నర్సు చేత్తోనే మందు తాగాల్సొచ్చింది. ఇది చిన్న మార్పేం కాదు.

ఈ జాగా విలువ తెలిసింది మారణకాండల రోజుల్లో. 1985 జులై 17న కారంచేడులో కమ్మ భూస్వాములు ఆరుగురు మాదిగల్ని చంపారు. మిగిలినవాళ్లు చీరాల పరిగెత్తి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. ఆ శిబిరం చుట్టూ లేచిన ఉద్యమంలోంచే దళిత మహాసభ పుట్టింది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపినప్పుడు అక్కడి దళితులు తెనాలి వెళ్లి సాల్వేషన్ ఆర్మీ ఆవరణలో శిబిరం వేశారు. ప్రార్థన కోసం కట్టిన జాగా పోరాటానికి అడ్డా అయ్యింది. భక్తి వేరు, ఉద్యమం వేరు అనే మన కామ్రేడ్లు ఈ రెండు శిబిరాల్నీ గుర్తుచేసుకోవాలి.

అయితే కాంపౌండు జాగా ఇచ్చింది గానీ సర్టిఫికెట్ ఇవ్వలేకపోయింది. 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవుల్ని చేర్చలేదు. 1977లో మన రాష్ట్ర ప్రభుత్వం జీవో 341తో కొన్ని రాయితీలిచ్చింది గానీ రిజర్వేషన్ ఇవ్వలేదు. మద్రాసులో రోడ్డుపక్క చెప్పులు కుట్టుకునే సూసై అనే క్రైస్తవుడు, సర్కారు ఇచ్చే బంకు తనకూ ఇవ్వాలని సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. మతం మారాక కూడా వివక్ష అంతే తీవ్రంగా ఉందని రుజువు లేదంటూ కోర్టు కొట్టేసింది. ఆ తీర్పొచ్చిందీ 1985లోనే. అదే ఏడు కారంచేడులో చచ్చిపోయినవాళ్లలో బైబిలు పేర్లున్నవాళ్లు ఉన్నారు. గొడ్డలి పట్టినవాడు మతం అడగలేదు, కులం చూశాడు. చట్టం మాత్రం కులం చూడకుండా మతం అడిగింది. అందుకే పట్నంలో మనవాళ్లు ఎంతోమందికి గుడి రిజిస్టరులో ఒక పేరు, కాలేజీ రిజిస్టరులో ఇంకో పేరు. అది మోసం కాదు, చట్టం నెత్తిన రుద్దిన రెండు బతుకులు. 2022లో కేంద్రం బాలకృష్ణన్ కమిషన్ వేసింది. 2023లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దళిత క్రైస్తవుల్ని ఎస్సీల్లో చేర్చాలని తీర్మానం చేసింది. ఇదంతా 1950లో మొదలైన తగాదాకు కొనసాగింపే.

చర్చి లోపల కులం పోయిందని కూడా అనలేం. మాలల సంఘం, మాదిగల సంఘం అనే మాట ఇంకా వినపడుతూనే ఉంది. మరోపక్క కాంపౌండు భూములు దుకాణాల సముదాయాలుగా మారుతున్నాయి. మన తాతమ్మలు నిలబడ్డ జాగా మన కళ్లముందే చేయి జారుతోంది.

విద్యార్థులు, టీచర్లు చెయ్యదగ్గ పని ఒకటుంది. పాత గుళ్లలో బాప్తిస్మం, పెళ్లి, సమాధి రిజిస్టర్లు చెదలు పడుతున్నాయి. కరణం లెక్కల్లో మనం చాకిరీ చేసే చేతులం. ఈ రిజిస్టర్లలో మనకు పేరుంది, తండ్రి పేరుంది, పల్లె పేరుంది. వాటిని చూసి రాసుకోండి. అయ్యగారిని అడగండి, ముసలమ్మల్ని అడగండి. రేపు ఆ భూమి ఎవరిదని ఎవరైనా అడిగితే చూపించడానికి మన దగ్గర కాగితం ఉండాలి.