రత్నగంధి బొమ్మ కింద లేని పేర్లు

మా కరీంనగర్, ఆదిలాబాద్ వైపు బడి ఆవరణల్లో, పెంకుటిళ్ల వాకిళ్లలో, పాత ఆఫీసుల ప్రహరీగోడల పక్కన రత్నగంధి విరగబూస్తుంది. ఎర్రటి రేకుల అంచున పసుపు, బయటికి పొడుచుకొచ్చిన పొడుగాటి కేసరాలు. దాన్ని పరాయి చెట్టని ఎవరూ అనుకోరు. అసలు దాని పుట్టిల్లు అమెరికా ఖండపు ఉష్ణప్రాంతాలు. మూడు వందల ఏళ్లకు పైగా వెనక్కి వెళితే, ఆ పువ్వును దగ్గరగా చూసి గీసిన ఒక స్త్రీ కనిపిస్తుంది. ఆమె పక్కన పేర్లు లేని మరికొందరు స్త్రీలు కూడా కనిపిస్తారు. నేను రాయదలచుకున్నది వీళ్లందరి గురించి.

ఆమె మరియా సిబిల్లా మెరియన్. 1647లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో పుట్టింది. పూలచిత్రకారుడైన మారుతండ్రి దగ్గర కుంచె పట్టడం నేర్చుకుంది. భర్త నుంచి విడిపోయి, ఆమ్‌స్టర్‌డామ్‌లో బొమ్మలు అమ్ముకుంటూ బతికింది. 1699లో, యాభై రెండేళ్ల వయసులో, చిన్నకూతురు డొరోథియాను వెంటబెట్టుకుని డచ్చి వలస సూరినామ్‌కు ఓడెక్కింది. ఏ రాజూ, ఏ కంపెనీ ఆమెను పంపలేదు. రెండేళ్లు అక్కడి పురుగుల్ని, అవి తినే మొక్కల్ని గీసింది. జబ్బుపడి 1701లో తిరిగొచ్చింది. 1705లో అరవై చిత్రఫలకాలతో పుస్తకం వేసింది.

అందులో రత్నగంధి బొమ్మ పక్కన ఆమె రాసిన విషయం చదివి నేను చాలాసేపు ఆగిపోయాను. తోటల్లో చాకిరీ చేసే బానిస స్త్రీలు ఈ మొక్క గింజలతో కడుపు పోగొట్టుకుంటారనీ, తమ బిడ్డలు కూడా బానిసలు కాకూడదనే అలా చేస్తారనీ, ఈ మాట వాళ్లే తనతో చెప్పారనీ రాసింది. ఒక పూలబొమ్మ పక్కన స్త్రీల శరీరాల మీద, గర్భాల మీద సాగిన దాష్టీకానికి సాక్ష్యం అలా మిగిలింది.

తర్వాత జరిగింది చూడండి. మొక్క యూరప్ గాజుతోటల్లోకి వెళ్లింది, ఆసియా పెరళ్లలోకి వచ్చింది. ఆ స్త్రీలు చెప్పిన మాట మాత్రం మొక్కతోపాటు ప్రయాణించలేదు. యూరప్ వైద్యగ్రంథాలు దాన్ని తమలోకి తీసుకోలేదని లోండా షీబింగర్ అనే చరిత్రకారిణి 2004లో వచ్చిన తన పుస్తకంలో వివరంగా చూపించింది. జనాభాను పెంచుకోవాలనుకునే సామ్రాజ్యాలకు ఆ జ్ఞానంతో పని లేదు. ఇక మొక్కకు పెట్టిన పేరు? ఫ్రెంచి వలసదీవుల గవర్నరు పాయెన్సీ మీదుగా 'పోయిన్సియానా' అన్నారు. తర్వాత ఇటలీ వృక్షశాస్త్రజ్ఞుడు చెసాల్పినో పేరు మీద 'సిసాల్పీనియా' అయింది. గింజల గుణం చెప్పిన స్త్రీలు ఏ పేరులోనూ లేరు. మెరియన్ కూడా ఈ లెక్కకు అతీతురాలు కాదు. సూరినామ్ నుంచి తిరిగొచ్చేటప్పుడు ఒక ఆదివాసీ స్త్రీని తనతో ఓడలో తీసుకెళ్లింది. ఆమె పేరూ మనదాకా చేరలేదు.

స్త్రీలు పూలనే ఎక్కువగా ఎందుకు గీశారన్న ప్రశ్నకు 'సున్నితత్వం' అనే జవాబు సిద్ధంగా ఉంటుంది. అసలు కారణం వేరు. నగ్న మనిషి దేహాన్ని చూసి గీయడం ఆడవాళ్లకు నిషేధం. ఆ చదువు లేకుండా చారిత్రక చిత్రాలు వేయలేరు. ఆ చిత్రాలు వేయనివాళ్లను పెద్ద చిత్రకారులుగా ఒప్పుకోరు. పూలు గీయడానికి మాత్రం అభ్యంతరం లేదు. లండన్ రాయల్ అకాడమీ 1768లో మొదలైనప్పుడు సభ్యుల్లో ఇద్దరు స్త్రీలున్నారు. వాళ్లలో మేరీ మోజర్ పూలచిత్రాలకే పేరుపొందింది. ఆ తర్వాత మరో స్త్రీకి పూర్తి సభ్యత్వం దక్కింది 1936లో. నూట అరవై ఎనిమిదేళ్లు! వదిలిన ఆ ఒక్క చిన్న తలుపులోంచే ఈ స్త్రీలు శాస్త్రంలోకి నడిచివచ్చారు.

మనకు దగ్గరి ఉదాహరణ ఎలిజబెత్ గ్విల్లిమ్. మద్రాసులో 1801లో ఏర్పడిన సుప్రీంకోర్టుకు జడ్జీగా వచ్చిన హెన్రీ గ్విల్లిమ్ భార్య. చెల్లెలు మేరీ సైమండ్స్ కూడా వెంట వచ్చింది. చెల్లెలు చేపల్ని గీస్తే, అక్క పక్షుల్ని గీసింది, పూలను గీసింది. అక్క తెలుగు నేర్చుకుంది! అప్పటి ఇంగ్లీషువాళ్లు మన భాషను 'జెంటూ' అనేవారు. ఇక్కడి విత్తనాలు లండన్ శివార్లలోని బ్రాంప్టన్ నర్సరీకి పంపింది. 1807లో మద్రాసులోనే చనిపోయింది. ఆమె గీసిన సుమారు నూట ఇరవై పక్షుల బొమ్మలు 1924లో లండన్‌లో ఒక అమెరికన్ వైద్యుడి కంటపడేదాకా ఎవరికీ పట్టలేదు. ఇప్పుడవి కెనడాలోని మెగిల్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. అక్కాచెల్లెళ్లు ఇంటికి రాసిన ఉత్తరాలు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. వీళ్లిద్దరి మీద పరిశోధనా వ్యాసాల సంపుటం 2023లో గానీ రాలేదు.

ఆ మరుపు అన్యాయమే. కానీ ఆమెకు తెలుగు నేర్పినవాళ్లెవరు, పక్షుల్ని పట్టి తెచ్చినవాళ్లెవరు, మొక్కల పేర్లు చెప్పినవాళ్లెవరు అన్నది కూడా మన ప్రశ్నే కావాలి. ఆమెకు ముందు సామర్లకోట తోటలో విలియం రాక్స్‌బర్గ్ భారతీయ చిత్రకారుల చేత మొక్కల బొమ్మలు గీయించాడు. 1795 నుంచి పాతికేళ్లపాటు వెలువడిన ఆయన కోరమాండల్ మొక్కల గ్రంథంలో మూడు వందల చిత్రాలున్నాయి. మా ఆదిలాబాద్ అడవుల టేకు అందులో ఉంది. మెక్సికో వైపు నుంచి వచ్చిన సీమచింత కూడా ఉంది. గీసినవాళ్ల పేర్లు మాత్రం లేవు. జడ్జీగారి భార్య పేరు రెండు శతాబ్దాల తర్వాతైనా తిరిగొచ్చింది. ఆమె ముందు మొక్క పెట్టి పేరు చెప్పినవాళ్లు అలా తిరిగి రాలేదు.

ఎలిజబెత్‌కు వృక్షశాస్త్రంలో తోడు నిలిచిన జర్మన్ మిషనరీ రాట్లర్ ఆమె పేరు మీద ఒక సంపెంగ జాతి చెట్టును 'గ్విల్లిమియా' అన్నాడు. మాగ్నోలియాల్లో ఒక విభాగానికి ఇవాళ్టికీ ఆ పేరుంది. ఆ రాట్లర్ పేరు మరో దారిన మా నిర్మల్ దాకా వచ్చింది. నిర్మల్ బొమ్మలు చెక్కేది పొణికి కర్రతో. పొణికికి శాస్త్రగ్రంథాలు చాలాకాలం వాడిన పేరు 'గివోటియా రాట్లరీఫార్మిస్'. అంటే 'రాట్లరా'ను పోలినదని. రాట్లరా అన్నది కుంకుమ చెట్టుకు రాక్స్‌బర్గ్ 1798లో పెట్టిన పేరు. చింతగింజల ముద్ద, రంపపు పొట్టు కలిపి అతికి, రంగులద్ది, ఆ తేలికపాటి కర్రలోంచి పండ్లను, కూరగాయలను తీసిన చేతులకు ఈ సంగతి తెలియనవసరం లేకపోయింది. ఇంటిల్లిపాదీ చేసే చేతివృత్తుల్లో ఆడవాళ్ల పని కూలిలెక్కకు ఎక్కకుండా ఎలా కలిసిపోతుందో వేరే చెప్పాలా?

ఇది మ్యూజియాల్లో ముగిసిపోయిన కథ కాదు. నేను ఇంటర్‌లో బైపీసీ చదివాను. బోటనీ రికార్డులో మొదటి బొమ్మ దాసాని పువ్వు నిలువుకోత. దాని శాస్త్రీయనామంలోనే 'చైనా గులాబి' అని ఉంది. మా క్లాసులో చాలామంది మగపిల్లల రికార్డుల్లో ఆ దాసానిని గీసింది అమ్మాయిలమే. తర్వాత మా తమ్ముడి రికార్డు మొత్తం నేనే వేశాను. అట్టమీద వాడి పేరు, లోపల లెక్చరర్ సంతకం, బొమ్మలకు మంచి మార్కులు. ఇంట్లో అందరూ "ఆడపిల్లకు ఓపిక ఎక్కువ" అని మెచ్చుకున్నారు. కేసరాలెన్ని, అండాశయం ఎన్ని గదులు అని లెక్కబెట్టి చూస్తేనే ఆ బొమ్మ వస్తుంది. ఆ చూపును ఎవరూ చదువనలేదు. ఓపిక అన్నారు. మెరియన్ గురించీ, గ్విల్లిమ్ గురించీ చదువుతున్నప్పుడు నాకు పదేపదే వినిపించింది ఆ మాటే.

కాగితం, రంగులు, తీరిక ఎన్నడూ దక్కని మా ఊళ్ల ఆడవాళ్లు మొక్కల్ని ఎక్కడ నమోదు చేశారు? బతుకమ్మను చూడండి. సిబ్బిలో గుమ్మడాకులు పరిచి, తంగేడు, రంగులద్దిన గునుగు, కట్ల పూలు, బంతి వరుసలు పేరుస్తారు. పైన గుమ్మడిపువ్వు. తంగేడు మన నేలది. బంతిదీ, గుమ్మడిదీ అమెరికా. ఎప్పుడో ఓడల్లో వచ్చిన ఆ రెండింటినీ ఏ వరుసలో నిలపాలో, కాడ ఎంత ఉంచి కోయాలో, ఏ పువ్వు సద్దుల నాటికి వాడకుండా నిలుస్తుందో ఆడవాళ్లు తేల్చుకున్నారు. పేర్లూ అంతే. సీమ నుంచి వచ్చింది సీమచింత. మక్కజొన్న మాట వెనుక మక్కా ఉందంటారు. అమెరికా పండు ఇక్కడ సీతాఫలమైంది. ఈ పేర్లు పెట్టింది ఆడవాళ్లొక్కరే అనను. కానీ వాటిని బుట్టల్లో మోసి, అమ్మి, పిల్లలకు చెప్పి నిలిపినవాళ్లలో వాళ్లే ఎక్కువ.

ఆ నమోదు ఇప్పుడు చెదిరిపోతోంది. గునుగు రైతుకు కలుపు. కలుపుమందు కొట్టిన చేనుగట్ల మీద అది పలచబడింది. బతుకమ్మ 2014లో రాష్ట్ర పండుగ అయింది, మంచిదే. కానీ టౌన్లలో పూలు కొనుక్కుని పేర్చే పిల్లకు పువ్వు తెలుస్తుంది గానీ అది పెరిగే చోటు తెలియదు. చెప్పగలిగిన పెద్దవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు.

కరీంనగర్, ఆదిలాబాద్, జగిత్యాల, నిర్మల్ కాలేజీల్లో బోటనీ చెప్పే స్త్రీలకు నాదొక విన్నపం. ఈసారి రికార్డుల్లో దాసానితోపాటు గునుగునూ గీయించండి, రత్నగంధినీ గీయించండి. శాస్త్రీయనామం కింద మన ఊరి పేరు, గోండుగూడెం పిల్లలుంటే గోండి పేరు, వాడకం రాయించండి. బొమ్మ కింద రెండు గీతలు కొట్టించండి. ఒకదాని ముందు 'గీసినవారు', రెండోదాని ముందు 'చెప్పినవారు' అని ఉండాలి. చెప్పినవాళ్లు ఒప్పుకుంటే, ఆ రెండో గీత మీద అవ్వ పేరో, కూలికి పోయే అక్క పేరో పూర్తిగా, ఇంటిపేరుతో సహా రాయించండి.