శంషాబాదునకు వచ్చిన సముద్రపు చేప



శంషాబాదు దక్కను పీఠభూమి మీద, ఱాతినేలల నడుమ నున్న యూరు. 2008వ సంవత్సరము మార్చి నెలలో అచ్చట విమానాశ్రయము తెఱవబడినది. దూరతీరమున పట్టిన చేపను నీటిసంచిలో నుంచి, ప్రాణముతో హైదరాబాదు చేర్చుటకు విమానమే తగిన సాధనము. అట్లు వచ్చు వానిలో సీతాకోకచిలుక చేప యొకటి. పళ్లెమువలె పలుచని మేను, పసుపు తెలుపు నలుపు చాఱలు, కుంచెవలె సన్నని దంతములు దీని గుఱుతులు. దీని నింట బెంచు వేడుక యెట్లు పుట్టినదో, అందలి కష్ట మెట్టిదో నేడు మనవి చేసెదను.

పాట్రిక్ రస్సెల్ అను వైద్యుడు 1780 ప్రాంతముల విశాఖపట్టణమున నుండి, అచ్చటి చేపలను సేకరించి, స్థానికులు పిలుచు పేళ్లతోడనే బొమ్మలు వేయించెను. రక్తపింజరికి పాశ్చాత్యులు పెట్టిన పే రితనిదే. రెండువందల చేపలను వర్ణించు నాతని గ్రంథము 1803లో లండనున వెలువడెను. అందు సీతాకోకచిలుక చేప చిత్రమును గలదు. అది కాగితముమీది చేప. దానికి మేత యక్కఱలేదు.

1853లో లండను జంతుశాలయందు ప్రజలు గాజుతొట్టెలలో జలచరములను చూడగలిగిరి. 1909లో మదరాసు తీరమున నట్టి ప్రదర్శనశాల వెలసెను; అది రెండవ ప్రపంచయుద్ధకాలమున మూతపడెను. మదరాసువారికి సముద్రజలము వాకిటనే యుండెను. మనకో, లీటరు మంచినీటికి సుమారు 35 గ్రాముల చొప్పున ప్రత్యేకముగా చేసిన లవణమిశ్రమమును కలుపవలెను. వంటయుప్పు చాలదు, సున్నపు ధాతువు, మెగ్నీషియము మొదలగునవియు నందుండవలెను. చేపల మలినమునుండి పుట్టు విషమును హరించు సూక్ష్మజీవులు తొట్టెలో వృద్ధినొందుటకు కొన్ని వారములు పట్టును. ఓపికగలవా డింతవఱకు సాధింపవచ్చును.

చిక్కంతయు మేతయందున్నది. ఈ జాతి చేపలలో ననేకములు సజీవమైన పగడపు పురుగులను కొఱికి బ్రదుకును. కొన్ని యవి తప్ప మఱేమియు ముట్టవు. ఱాతిపగడములను సముద్రమునుండి తీయుట మన దేశమున 2001 నుండి వన్యప్రాణి చట్టముచే నిషిద్ధము. కావున అట్టి చేపను తెచ్చుట గడ్డిలేని యూరికి గొడ్డును తోలుకొని వచ్చుటయే. నీరు నిర్మలముగ నున్నను అది దినదినము కృశించి చచ్చును. వీపుమీద పోగువంటి ఱెక్క గల యొక జాతి మాత్రము పురుగులు, చిన్నరొయ్యలు మొదలగువానిని గూడ తినును.

ఇన్నూఱేండ్లలో మనుష్యుడు చేపను బొమ్మనుండి తొట్టెకు తెచ్చెను. దాని యాకలిని తెలిసికొనుటయం దింకను వెనుకబడియే యున్నాడని నా యభిప్రాయము. మీ మనుమలు పట్టణమున నిట్టి చేపను కొనగోరినచో, ధర యడుగుటకు ముందు, అది యేమి తినునో యడుగుమనుడు. వర్తకుని తొట్టెలో అది మేత తినుచుండగా కన్నులార చూచి కొనుమనుడు. తినని చేపను అచ్చటనే విడిచి వచ్చుట మేలు.