ధాన్యపు దారి పక్కన కెర్సొనీస్

పటంలో ఏజియన్ సముద్రపు ఈశాన్య మూలను చూడండి. యూరప్ నుంచి నైరుతి దిక్కుకు చాచిన వేలులాంటి భూభాగం కనిపిస్తుంది. అది నేటి టర్కీలోని గల్లిపోలి. ప్రాచీన గ్రీకులు దాన్ని కెర్సొనీస్ అన్నారు. ఆ మాటకు అర్థమే ద్వీపకల్పం. దాని తూర్పు అంచున డార్డనెల్స్ జలసంధి ఉంది. ఇరుకైన చోట దాని వెడల్పు సుమారు 1.2 కిలోమీటర్లు మాత్రమే.

ఏథెన్స్ పొలాల పంట ఆ నగర జనానికి చాలదు. నల్లసముద్ర తీరాల ధాన్యం ఈ జలసంధి గుండానే రావాలి. ఇక్కడ కాస్త భౌతికశాస్త్రం అవసరం. పెద్ద నదులు కలిసే నల్లసముద్రం నుంచి ఉపరితల జలం ఏజియన్ వైపు నిత్యం ప్రవహిస్తుంది. వేసవిలో ఉత్తరపు గాలి దానికి తోడవుతుంది. ఎదురెక్కే ఓడ గాలి మారేదాకా ఏదో రేవులో ఆగాలి; ధాన్యంతో దిగివచ్చే ఓడ ఒడ్డుకు కనిపిస్తూ సాగాలి. తీరం ఎవరిదో ధాన్యం వారి గుప్పిట్లో ఉన్నట్లే.

క్రీ.పూ. 6వ శతాబ్దంలో స్థానిక డోలొంకుల తెగ ఇరుగుపొరుగు దాడులకు తాళలేక ఏథెన్స్ వాసి మిల్టియాడీస్‌ను నాయకుడిగా తెచ్చుకుంది. ఇంటి వాకిట కూర్చుని, దారిన పోతున్న వాళ్ళను భోజనానికి పిలిచినందుకే అతడికి ఆ పదవి దక్కిందని హెరోడోటస్ కథ. కథ మాట ఎలా ఉన్నా, అతడు ద్వీపకల్పం మెడకు అడ్డంగా గోడ కట్టించాడు. పొడవు 36 స్టేడియాలు, అంటే దాదాపు ఆరున్నర కిలోమీటర్లు. క్రీ.పూ. 447 ప్రాంతంలో పెరిక్లీస్ వెయ్యిమంది ఏథెన్స్ పౌరులను అక్కడ స్థిరపరచి, ఆ మెడకు మళ్ళీ కోట కట్టుదిట్టం చేశాడు.

అయితే గోడ ఆపేది నేలమీది శత్రువునే. క్రీ.పూ. 405లో ఏథెన్స్ నౌకాదళం, దాదాపు 180 నౌకలు, ఈగోస్పొటామి అనే బయలు తీరాన లంగరు వేసింది. అక్కడ రేవు లేదు, ఊరు లేదు. తిండికి సెస్టోస్ దాకా పోవాలి. దగ్గరలో ఉంటున్న ఆల్సిబయాడీస్ ఇది ప్రమాదమని హెచ్చరించినా సేనానులు వినలేదు. ఐదో రోజు నావికులు ఆహారం కోసం చెదిరిపోయిన వేళ, ఎదుటి ఒడ్డు నుంచి స్పార్టా సేనాని లైసాండర్ విరుచుకుపడ్డాడు. తప్పించుకున్న నౌకలు పది లోపే. ధాన్యం ఆగింది. మరుసటి ఏడాది ఆకలితో ఏథెన్స్ లొంగిపోయింది. రేవుకూ నగరానికీ మధ్యనున్న దాని పొడవాటి గోడలను కూల్చేశారు.

క్రీ.పూ. 398లో స్పార్టా సేనాని డెర్సిలిడాస్ కెర్సొనీస్ మెడ మీదికి వచ్చి, కొత్త గోడ మొదలుపెట్టాడు. వసంతంలో ఆరంభించి శరత్తుకు ముందే ముగించాడు. దాని చాటున పదకొండు పట్టణాలు, అనేక రేవులు, మంచి సాగునేల.