మన ఫొటో ఎవరి చేతుల మీదుగా వస్తుంది?

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో దిగి కోచింగ్ సెంటర్ల సందుల్లోకి నడిస్తే టిఫిన్ బండ్ల తర్వాత ఎక్కువగా కనిపించేవి జిరాక్స్ షాపులే. స్పైరల్ బైండింగ్, లామినేషన్, ఆన్‌లైన్ అప్లికేషన్లు, ఐదు నిమిషాల్లో పాస్‌పోర్ట్ ఫొటోలు. గ్రూప్స్‌కి, బ్యాంకు పరీక్షలకి, పోలీసు ఉద్యోగాలకి చదివే పిల్లలతో హాస్టళ్లు నిండిపోయిన చోట ఆ షాపులు లేకపోతే ఒక్క పనీ జరగదు. అక్కడ నిలబడ్డప్పుడు ఎప్పుడైనా కంప్యూటర్ తెర వంక చూశారా? ఎవరెవరివో ఆధార్ కార్డులు, ఎవరింటి ఆడపిల్లలవో ఫొటోలు, తెర నిండా. షాపతను చెడ్డవాడని కాదు. ఉదయం నుంచి రాత్రి దాకా గిరాకీ, పాపం తుడిచే తీరిక ఎక్కడిది?

ఇంట్లో వాడుకునే ఫొటో ప్రింటర్ గురించి ఎవరు మాట్లాడినా ధర, ఇంకు ఖర్చు, ఏ కంపెనీ మంచిదీ అనే చెబుతారు. అవీ చెబుతాను. కానీ నా దృష్టిలో ఆ పెట్టె చరిత్రలో అసలు సంగతి వేరే ఉంది. మన ఫొటో కాగితం మీదికి వచ్చేలోపు ఎంతమంది చూస్తారు అన్నది.

ఈ ప్రశ్నకి మన ఊళ్లోనే నూట ముప్ఫై ఏళ్ల కిందట ఒక జవాబు దొరికింది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ పేరు వినే ఉంటారు. మీరట్ దగ్గర సర్ధనాలో 1844లో పుట్టి, ఇందోర్‌లో ఉద్యోగం చేసి, చివరికి మన సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టుకున్నాయన. ఆయన 1892లో హైదరాబాద్‌లో ఆడవాళ్ల కోసమే ఒక జనానా స్టూడియో తెరిచారు. దాన్ని నడిపింది కెన్నీ-లెవిక్ అనే ఇంగ్లీషు ఆవిడ. గోషాలో ఉండే స్త్రీలు మగవాళ్ల కంట పడకుండా వచ్చి ఫొటో తీయించుకునే వీలు. దీన్‌దయాళ్ అనగానే నిజాం వేట, ఫలక్‌నుమా మెట్లు, వైస్రాయ్ విందులే చెబుతారు. నాకు మాత్రం ఆయన చేసిన పనుల్లో ఇదే పెద్దదనిపిస్తుంది. కాకపోతే ఆ సౌకర్యం అందింది కోటల్లో, దేవిడీల్లో ఉన్నవాళ్లకే.

సామాన్యులకి కెమెరా చేరేసరికి దారి వేరైంది. 1888లో అమెరికాలో జార్జ్ ఈస్ట్‌మన్ అమ్మిన మొదటి కొడాక్ కెమెరాలో వంద ఫొటోలకి సరిపడా ఫిల్మ్ ముందే చుట్టి ఉండేది. అన్నీ తీశాక కెమెరాని కెమెరాగానే ఫ్యాక్టరీకి పంపాలి. వాళ్లు కడిగి, ప్రింట్లు వేసి, కొత్త ఫిల్మ్ ఎక్కించి తిరిగి పంపేవారు. నొక్కడం మన వంతు, మిగిలింది వాళ్ల వంతు. సుఖంగానే ఉంది కానీ, ఇంటి సంగతులన్నీ ముందు చూసేది మాత్రం ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి.

మా పెళ్లినాటికీ అంతే. కొనికా అనో కొడాక్ అనో బోర్డున్న కలర్ ల్యాబ్‌లో 36 ఫొటోల రోల్ ఇచ్చి, చీటీ తీసుకుని, మర్నాడు సాయంత్రం కవరు తెచ్చుకోవడం. జపాన్‌లో నొరిట్సు కంపెనీ 1970లలో చిన్న షాపులో పట్టే ప్రింటింగ్ యంత్రం చేశాక గానీ ఆ మాత్రం వేగం రాలేదు. రోల్‌లో ఎవరి కళ్లు మూసుకున్నాయో, ఎవరి పైట జారిందో ల్యాబ్ కుర్రాడికి మనకంటే ముందే తెలిసేది. ఎవరికీ చూపకుండా తీసుకోవాలంటే పోలరాయిడ్ ఒక్కటే దారి. 1948 నుంచీ ఉన్నా, దాని ఫిల్మ్ కొనే స్తోమత మన వీధుల్లో ఎంతమందికి ఉంది!

తర్వాత డిజిటల్ కెమెరాలు, ఫోన్లు వచ్చాయి. ఫొటోలు వేలల్లో, ప్రింట్లు సున్నా. మీ ఇంట్లోనూ చూడండి, మొదటి బిడ్డకి ఆల్బం ఉంటుంది, రెండోవాళ్లకి ఉండదు. రెండోవాళ్ల బాల్యం తెరుచుకోని హార్డ్ డిస్క్‌లోనో, పాత ఫోన్లోనో ఉండిపోయింది. ప్రింట్ కావాలంటే మళ్లీ పెన్ డ్రైవ్ పట్టుకుని షాపుకే. ఇప్పుడు అదీ లేదు, షాపు నంబరుకి వాట్సాప్ చేస్తున్నాం.

ఇక ఇంకు సంగతి. 1977లో కానన్ కంపెనీ ఇంజినీరు ఇచిరో ఎండో ల్యాబ్‌లో వేడి సోల్డరింగ్ ఐరన్ ఇంకు నింపిన సిరంజి సూదికి తగిలింది. సూది కొసనుంచి ఇంకు చిమ్మింది. వేడికి లోపల బుడగ పుట్టి ఇంకుని బయటికి తోసిందన్నమాట. ఇంచుమించు అదే రోజుల్లో అమెరికాలో హెచ్‌పీ వాళ్లూ విడిగా అక్కడికే చేరారు. వాళ్లకి కాఫీ పర్కొలేటర్ చూస్తే ఆలోచన వచ్చిందంటారు. వంటింట్లో మూత కిందనుంచి చింది పొయ్యి పాడుచేసే ఆవిరే కదా అది. 1984లో హెచ్‌పీ థింక్‌జెట్, 1988లో డెస్క్‌జెట్ వచ్చాయి. డెస్క్‌జెట్ ధర అప్పట్లో 995 డాలర్లు. ఎప్సన్ వాళ్లది ఇంకో పద్ధతి. వేడి లేకుండా, కరెంటు తగిలితే వంగే చిన్న స్ఫటికాలతో ఇంకుని నెట్టడం. 1994లో వాళ్ల స్టైలస్ కలర్ అంగుళానికి 720 చుక్కలు వేసేసరికి ఇంట్లో ఫొటో అన్నమాటకి అర్థం వచ్చింది.

ధరలు పడ్డాయి, కానీ లాభం కార్ట్రిడ్జ్‌లోకి వెళ్లి కూర్చుంది. 2020లో పిల్లల ఆన్‌లైన్ క్లాసులకని ప్రింటర్ కొనడానికి ఎల్బీ నగర్ సర్కిల్ దగ్గర ఒక షోరూంకి వెళ్లాం. "ఇది మూడు వేల చిల్లరకే వస్తుంది మేడమ్" అన్నాడు అబ్బాయి. మావారు పర్సు తీయబోయారు. "దాని ఇంకు ఎంత బాబూ?" అన్నారు మా అత్తయ్య. నలుపు డబ్బా ఏడెనిమిది వందలు, వస్తే వంద నూటయాభై పేజీలు. "అయితే గిన్నె చవగ్గా ఇచ్చి మూతకి బంగారం ధర అడుగుతున్నావు" అన్నారావిడ. బేరం అక్కడే ముగిసింది. ఇంకు ట్యాంకు ఉన్నది పన్నెండు వేల లోపు తెచ్చుకున్నాం. ఒక సీసా నలుపుతో కంపెనీ లెక్కన నాలుగైదు వేల పేజీలు.

ఈ ట్యాంకులు కంపెనీలు దయతలచి ఇచ్చినవి కావు. దిల్‌సుఖ్‌నగర్‌లో, కోఠిలో సిరంజితో కార్ట్రిడ్జ్ నింపే షాపులు గుర్తున్నాయా? ఇండోనేషియాలో జనం ఇంకో అడుగు వేశారు. ప్రింటర్ పక్కన సీసాలు కట్టి, సెలైన్ ఎక్కించినట్టు గొట్టాలు పెట్టేశారు. అడ్డుకోలేక, 2010లో ఎప్సన్ ఎల్100 అనే ట్యాంకు ప్రింటర్‌ని మొదట అక్కడే అమ్మింది. తర్వాత అది మన దేశానికీ వచ్చింది. 2015, 2016 నాటికి కానన్, హెచ్‌పీలు కూడా అదే దారి పట్టాయి. చవక కోసం మనలాంటి దేశాలవాళ్లు వేసిన అతుకే చివరికి అసలు సరుకైంది.

దీనితో కాపురం అంత సులువేం కాదు. మే నెల ఎండలకి ఇంకు నాజిల్స్‌లో ఎండిపోతుంది. హెడ్ క్లీనింగ్ నొక్కితే బాగవుతుంది కానీ ఆ ఇంకంతా లోపలి స్పాంజిలోకి పోయే దండగ. అందుకని గురువారం బాబా గుడికి వెళ్లొచ్చాక ఒక రంగుల పేజీ తీస్తాను. ఫొటోకి గ్లాసీ పేపర్ మెరిసే వైపే పెట్టాలి, 4x6 సైజు చాలు. తీశాక ఒకరోజు ఆరనిచ్చిగానీ ఆల్బంలో పెట్టకూడదు, ఫ్రేములో అద్దానికి ఆనకూడదు. ఒక కాగితంలో ఎనిమిది పాస్‌పోర్ట్ ఫొటోలు పడతాయి. మా అపార్ట్‌మెంట్ ఆడపిల్లలందరివీ ఇప్పుడు మా ఇంట్లోనే. వాళ్ల ముందే ఫైలు తుడిచేస్తాను.

మన్నిక ఒక్కటే భయం. 2000లో ఎప్సన్ స్టైలస్ ఫొటో 870 ప్రింటర్ ఇదే దెబ్బ తింది. ఏళ్ల తరబడి రంగు పోదని చెప్పిన ఫొటోలు కొందరి ఇళ్లలో కొద్ది వారాలకే నారింజ రంగులోకి తిరిగాయి. కారణం ఎండ కాదు, గాలిలో ఉండే ఓజోన్. అది నీలం ఇంకుని తినేసింది. బండ్ల పొగకి ఎండ తోడైతే పుట్టేది అదే. మరి విజయవాడ హైవే పక్కన ఉండే మా సంగతేమిటి? తెలుసుకుందామని ఒకే ఫొటో రెండు తీసి, ఒకటి రోడ్డు వైపు కిటికీ పక్కన అతికించాను, ఒకటి ఆల్బంలో పెట్టాను. వేసవి దాటేసరికి కిటికీ దగ్గరదానిలో నీలం పోయి మొహాలు పసుపెక్కాయి. ఆల్బంలోది తెచ్చిన రోజులాగే ఉంది.

ఆ పరీక్ష చేసింది అత్తయ్య దగ్గరున్న ఒక ఫొటో కోసం. వాళ్లమ్మగారు పెరట్లో కూర్చుని తల విరబోసుకుని ఆరబెట్టుకుంటుంటే, అత్తయ్య అన్నగారు క్లిక్-త్రీ కెమెరాతో తీసింది. అరచేతిలో పట్టే నలుపు తెలుపు ముక్క. ఆవిడకి మిగిలింది అదొక్కటే. ఏ షాపుకీ ఇవ్వనిచ్చేవారు కాదు, "మా అమ్మ తల విరబోసుకుని పరాయివాళ్ల ముందుకు ఎప్పుడూ రాలేదు" అనేవారు. ప్రింటర్ మీదున్న స్కానర్‌లో ఆవిడే తన చేత్తో పెట్టారు. ఆరు కాపీలు తీశాం, అద్దానికి ఆనకుండా అట్ట పెట్టి రెండు ఫ్రేములు కట్టించాం. ఒక కాపీ ఎల్బీ నగర్‌లో సూర్యాపేట బస్సెక్కి చిన్నాడపడుచు ఇంటికి వెళ్లింది. వెండి ఉప్పుతో వేసిన ఆ పాత ముక్క మాత్రం ఎప్పటిలా అత్తయ్య బీరువాలోనే, పట్టుచీర మడతలో ఉంది.