నాలుగు వరసల ఖాతా

బెంగళూరు కె.ఆర్.పురంలో లినక్స్ వాడే తెలుగు కుర్రాళ్లకు కొదవ లేదు. ఒకవైపు మహదేవపుర, వైట్‌ఫీల్డ్ ఐటీ పార్కులు. ఇంకోవైపు 1948లో పుట్టిన టెలిఫోన్ల కర్మాగారం ఐటీఐ, దాని చుట్టూ వెలసిన దూరవాణి నగర్. పాత మద్రాసు రోడ్డు పట్టుకుంటే కోలారు, ముళబాగిలు దాటి చిత్తూరు జిల్లాలో తేలతాం. అందుకే ఇక్కడి పీజీ హాస్టళ్లలో తెలుగు ఎక్కువగా వినబడుతుంది. ఆ గదుల్లో ఒకే ల్యాప్‌టాప్‌లో ఉబుంటు, ఫెడోరా, డెబియన్ అనే మూడు రకాల లినక్స్‌లనూ ఎక్కించుకునే ఉత్సాహవంతులుంటారు. మూడోది ఎక్కించాక మొదటిది తెరుచుకోకపోతే, డిస్క్ పాడైందనుకుని కొత్తది కొనడానికి ఎస్పీ రోడ్డుకు బయల్దేరేవాళ్లూ ఉంటారు. చాలాసార్లు డిస్క్ నిక్షేపంగా ఉంటుంది. తప్పింది లెక్క. ఆ లెక్క రాసే పద్ధతి 1983 నాటిది.

ఆ ఏడాది మార్చిలో ఐబీఎం పీసీ ఎక్స్‌టీ వచ్చింది, 10 మెగాబైట్ల హార్డ్ డిస్క్‌తో. దానితోపాటే వచ్చిన పీసీ డాస్ 2.0లో డిస్క్‌ను పార్టిషన్లుగా ముక్కలు చేసే ఎఫ్‌డిస్క్ అనే ప్రోగ్రాం ఉంది. ఇప్పుడు ఫోన్లో తీసిన రెండు మూడు ఫొటోలకే నిండిపోయే జాగాను ముక్కలు చేయాల్సిన అవసరం ఏమొచ్చింది? 1981లో మొదటి పీసీని అమ్మేటప్పుడే ఐబీఎం దానికి డాస్, సీపీ/ఎం-86, యూసీఎస్‌డీ పీ-సిస్టమ్ అని మూడు ఆపరేటింగ్ సిస్టమ్‌లు చూపించింది. వాటిలో ఒకదాని ఫైళ్లు ఇంకోదానికి అర్థం కావు. ఒకే డిస్క్ మీద పక్కపక్కన ఉండాలంటే హద్దులు కావాలి. అంటే ఒక కంప్యూటర్లో అనేక సిస్టమ్‌లు అన్న ఆలోచన లినక్స్ వాళ్లు కనిపెట్టింది కాదు, పార్టిషన్ పుట్టిందే దానికోసం.

హద్దుల వివరం డిస్క్ మొట్టమొదటి సెక్టారులో రాశారు. సెక్టారు అంటే 512 బైట్లు. అందులో 446 బైట్లు కంప్యూటర్‌ను లేపే కోడ్, 64 బైట్లు విభజన పట్టిక, చివరి రెండు బైట్లు ముద్ర. ఒక్కో పార్టిషన్‌కు ఒక్కో వరస, వరసకు 16 బైట్లు. అందుకే నాలుగే వరసలు, నాలుగే పార్టిషన్లు. ఒక వరసను దగ్గరగా చూడండి. మొదటి బైటు ఇది లేవాల్సిన పార్టిషనా కాదా చెబుతుంది. తర్వాత మూడు బైట్లు మొదలు, ఒక బైటు రకం, మూడు బైట్లు చివర. ఆపైన నాలుగు బైట్లు మొదటి సెక్టారు సంఖ్య, చివరి నాలుగు మొత్తం సెక్టార్లెన్నో. ఈ నాలుగేసి బైట్ల వల్లే రెండు టెరాబైట్ల పైబడ్డ డిస్క్‌ను ఈ పట్టిక పూర్తిగా చూపలేకపోయింది. ఇక రకం చెప్పే బైటులో హెక్సా 83 ఉంటే లినక్స్, 82 ఉంటే మెమరీ చాలనప్పుడు వాడుకునే లినక్స్ స్వాప్. అదే 82ను సన్ కంపెనీ సొలారిస్ కూడా వాడుకుంది. రెండూ ఒకే డిస్క్ మీద పెట్టినవాళ్లు, సొలారిస్ ఉన్న చోటును లినక్స్ ఇన్‌స్టాలర్ స్వాప్ అనుకోకుండా కాపలా కాయాల్సి వచ్చేది.

కె.ఆర్.పురంలో 30×40 అడుగుల సైటు కొన్నవారెవరికైనా ఆస్తి వివరాలు రాసే ఖాతా పుస్తకం విలువ తెలుసు. పుస్తకంలో పేజీ చిరిగినంత మాత్రాన ఇల్లు కూలిపోదు, కానీ ఆ ఇల్లు ఎవరిదో, ఎక్కడినుంచి ఎక్కడికో చెప్పే దిక్కుండదు. పార్టిషన్ చెరిపేయడం అంతే. వరస పోతుంది, లోపలి ఫైళ్లు ఎక్కడివక్కడే ఉంటాయి. ఫ్రాన్స్‌కు చెందిన క్రిస్టోఫ్ గ్రెనియే రాసిన టెస్ట్‌డిస్క్ ప్రోగ్రాం డిస్క్ అంతా గాలించి, ఫైల్ సిస్టమ్‌ల ఆనవాళ్లు పట్టుకుని, ఆ వరసల్ని తిరిగి రాయగలగడానికి కారణమిదే. పొరపాటున చెరిపినవారు చేయాల్సిన మొదటి పని ఏమీ చేయకపోవడం. ఆ డిస్క్ మీద కొత్తగా ఒక్క అక్షరం కూడా రాయకూడదు.

నాలుగు వరసలు చాలక 1987లో డాస్ 3.3తో ఎక్స్‌టెండెడ్ పార్టిషన్ వచ్చింది. ఒక వరసను పెట్టెగా చేసి, దాని లోపల గొలుసుకట్టుగా లాజికల్ పార్టిషన్లు పేర్చారు. లినక్స్ వీటికి 5 నుంచి నంబర్లు వేస్తుంది. ఇక్కడే మెలిక. 5, 6, 7 ఉన్నాయనుకోండి. 5ను తీసేస్తే 6 కాస్తా 5 అవుతుంది, 7 కాస్తా 6 అవుతుంది. ఆరో నంబరులో బతుకుతున్న సిస్టమ్ మర్నాడు లేచి తన ఇంటి నంబరు కోసం వెతుక్కుంటుంది. ఎవరి పార్టిషన్ వారికి ఉంది, ఎవరి ఫైళ్లూ పోలేదు, అయినా బూట్ కాదు.

లినక్స్ పుట్టుకలోనూ ఒక పార్టిషన్ ప్రమాదం ఉంది. 1991లో లినస్ టోర్వాల్డ్స్ తన కంప్యూటర్లో మినిక్స్ నడుపుతూ, దాని పక్కనే కొత్త కెర్నల్ రాసుకుంటున్నాడు. ఒకరోజు యూనివర్సిటీ కంప్యూటర్‌కు మోడెమ్‌తో డయల్ చేయబోయి, ఆ ఆదేశాల్ని పొరపాటున హార్డ్ డిస్క్‌కు పంపాడు. మినిక్స్ పార్టిషన్‌లో కీలకమైన భాగం చెరిగిపోయింది. మళ్లీ మినిక్స్ ఎక్కించుకోవడమా, లినక్స్‌నే సొంత కాళ్ల మీద నిలబెట్టడమా అన్న ప్రశ్న వచ్చింది. ఆయన రెండోదే ఎంచుకున్నాడు. ఈ సంగతి ఆయన ఆత్మకథ ‘జస్ట్ ఫర్ ఫన్’లో ఉంది.

మన దేశంలో లినక్స్ సీడీలు ఇళ్లలోకి రావడం 1996లో పీసీక్వెస్ట్ పత్రికతో మొదలైంది. పత్రికతోపాటు సీడీ ఇచ్చే ఆ ప్రయత్నం వెనకున్న అతుల్ చిట్నిస్ బెంగళూరు మనిషి. 2001లో ఇక్కడే లినక్స్ బెంగళూరు సదస్సు మొదలైందీ, అది తర్వాత ఫాస్.ఇన్ పేరుతో సాగిందీ ఆయన చేతిమీదుగానే. తెలుగువైపు హైదరాబాదులో స్వేచ్ఛ సంస్థ తెలుగు లినక్స్ తయారుచేసి కాలేజీలకు తీసుకెళ్లింది. అప్పట్లో ఇంట్లో ఉన్నది ఒకే కంప్యూటరు, దాన్నిండా విండోస్. ముందు డీఫ్రాగ్ చేసి ఫైళ్లన్నీ ఒక పక్కకు జరిపి, ఆపైన ఫిప్స్ అనే డాస్ ప్రోగ్రాంతో పార్టిషన్‌ను రెండుగా కోసి, ఆ ఖాళీలో లినక్స్ దించేవారు. ఇంట్లో పెద్దవాళ్ల టాలీ లెక్కలున్న డిస్క్ మీద ఈ కోత కోసిన పిల్లల ధైర్యానికి దండం పెట్టాలి.

1992లో వెర్నర్ ఆల్మెస్‌బెర్గర్ రాసిన లిలో ఆ రోజుల్లో లినక్స్‌ను లేపే బూట్ లోడర్. కంప్యూటర్ ఆన్ చేయగానే నడిచే పాత బయోస్ 1024 సిలిండర్ల అవతలికి చూడలేదు, లిలో బయోస్ కళ్లతోనే చూసేది. కెర్నల్ ఆ గీత దాటి ఉంటే బూట్ ఆగిపోయేది. డిస్క్ మొదట్లో చిన్న ‘బూట్’ పార్టిషన్ పెట్టాలన్న సలహా అలా స్థిరపడింది. గీత పోయి ఏళ్లయినా సలహా చాలాకాలం బతికింది.

2007లో ఫెడోరా 7 వచ్చినప్పుడు ఇంకో దెబ్బ తగిలింది. అంతవరకూ హెచ్‌డీఏ అని పిలిచిన డిస్క్ ఎస్‌డీఏ అయింది. పాత పద్ధతిలో డిస్క్‌కు 63 పార్టిషన్ల దాకా కుదిరేది, కొత్తదానిలో 15. ఏడెనిమిది లినక్స్‌లు పేర్చుకున్నవారికి పదహారో పార్టిషన్ నుంచి కనబడకుండా పోయాయి. మరుసటి ఏడాది కెర్నల్ 2.6.28 ఈ పరిమితి ఎత్తేసింది. నంబర్లనూ పేర్లనూ నమ్మకూడదన్న బుద్ధి అందరికీ బాగా పట్టింది. ప్రతి ఫైల్ సిస్టమ్‌కూ ఉండే యూయూఐడీ అనే పొడవాటి గుర్తును, ఏ పార్టిషన్ ఎక్కడ తెరవాలో చెప్పే ‘ఎఫ్‌స్టాబ్’ ఫైలులో రాయడం ఆనవాయితీ అయింది.

ఆ మందు నుంచి పుట్టిన జబ్బు ఒకటి ఈ హాస్టల్ గదుల్లో కనబడుతుంది. ఉబుంటు ఉంది, దానికో స్వాప్ పార్టిషన్ ఉంది. రెండో లినక్స్ ఇన్‌స్టాలర్ ఆ స్వాప్‌ను చూసి, వాడుకుందామని మళ్లీ ఫార్మాట్ చేస్తుంది. ఫార్మాట్ చేస్తే యూయూఐడీ మారుతుంది. మర్నాడు ఉబుంటు తెరిస్తే నల్లటి తెర మీద ‘ఎ స్టార్ట్ జాబ్ ఈజ్ రన్నింగ్’ అన్న వాక్యం, పక్కన ఎర్ర చుక్కలు అటూ ఇటూ, నిమిషన్నర లెక్క. లేని స్వాప్ కోసం అది 90 సెకన్లూ ఎదురుచూసి అప్పుడు కదులుతుంది. ఎఫ్‌స్టాబ్‌లో ఆ ఒక్క గుర్తు మార్చితే సరి. ఇంతకన్నా ప్రమాదం హైబర్నేట్‌తో ఉంది. ఒక లినక్స్ తన జ్ఞాపకాన్నంతా స్వాప్‌లో దాచి నిద్రపోతే, రెండోది లేచి అదే స్వాప్‌ను వాడి తొక్కేస్తుంది. అలాంటప్పుడు స్వాప్ పంచుకోనే కూడదు.

నాకు అర్థమైనంతలో అసలు సంగతి ఇదే. 1983 పట్టిక ఒకరి భాష ఒకరికి రాని పరాయి సిస్టమ్‌ల కోసం గీసింది. లినక్స్‌లకు ఒకదాని ఫైళ్లు ఒకదానికి చక్కగా అర్థమవుతాయి. అందుకే స్వాప్, హోమ్, బూట్ అన్నీ పంచుకోబోతాయి, పంచుకున్న ప్రతిచోటా చిక్కు వస్తుంది. యూజర్ ఫైళ్లుండే హోమ్ సంగతే చూడండి. ఒకే హోమ్‌ను రెండు సిస్టమ్‌లకు ఇస్తే కొత్త వెర్షన్ రాసిన సెట్టింగులు పాతదానికి మింగుడుపడవు. ఫెడోరా 15 దాకా మొదటి యూజర్ నంబరు 500, డెబియన్‌లో 1000. అంటే మీ ఫైళ్లు మీవి కావని ఒక సిస్టమ్ తలుపు వేసేది.

బూట్ దగ్గరి పేచీ ఇంకా పాతది. మొదటి సెక్టారులో కోడ్‌కు చోటు ఒక్కటే, చివర ఎక్కిన లినక్స్ తన బూట్ లోడర్ గ్రబ్‌ను అక్కడ పెట్టుకుంటుంది. బయోస్‌కు బదులుగా ఇంటెల్ ఇటేనియం కోసం తయారైన ఈఎఫ్ఐ, దానితో వచ్చిన జీపీటీ పట్టిక ఇందులో చాలా బాధ తీర్చాయి. మామూలుగా 128 వరసలు, తప్పులు పట్టే చెక్‌సమ్, డిస్క్ చివర ఇంకో నకలు. నా దృష్టిలో ఈ రంగంలో జరిగిన గొప్ప మేలు ఆ నకలే. అయినా ఈఎఫ్ఐ పార్టిషన్‌లో ప్రతి లినక్స్ తన పేరుతో ఒక ఫోల్డరు తెరుస్తుంది. రెండు వేర్వేరు వెర్షన్ల ఉబుంటులు ఎక్కిస్తే రెండింటిదీ అదే ఫోల్డరు, రెండోది అందులో మొదటిదాని బూట్ ఫైళ్లను చెరిపేస్తుంది. విండోస్ పెట్టే 100 మెగాబైట్ల ఈఎఫ్ఐ పార్టిషన్‌లోనే కెర్నల్ కూడా దాచే లినక్స్‌లకు చోటు చాలదు. పైగా 2021లో వచ్చిన గ్రబ్ 2.06 భద్రత కోసం పక్క సిస్టమ్‌లను దానంతటదే వెతకడం మానేసింది. మెనూలో ఫెడోరా కనబడలేదంటే అది పోయిందని కాదు, గ్రబ్ వెతకలేదని.

ఫెడోరా 33 నుంచి డెస్క్‌టాప్‌లో బీటీఆర్‌ఎఫ్‌ఎస్ మామూలైంది. దానిలో ఒకే పార్టిషన్‌లో సబ్‌వాల్యూమ్‌లుగా అనేక లినక్స్‌లు పెట్టవచ్చు, ముందే ఎవరికెంత అని కొలవక్కర్లేదు. ఓపిక ఉన్నవారికి మంచి దారి.

మిగతావారు పాత దారిలోనే వెళ్లండి, కానీ ఇన్‌స్టాల్ నొక్కేముందు ఎస్‌ఎఫ్‌డిస్క్ ఆదేశంతో డంప్ తీసి విభజన పట్టికను పెన్‌డ్రైవ్‌లో దాచండి. అది పట్టుమని రెండు కిలోబైట్లు కూడా ఉండదు. పట్టిక చెడితే అదే ఆదేశం దాన్ని తిరిగి రాసిపెడుతుంది. ఫైళ్ల బ్యాకప్ మాత్రం వేరే తీయాలి. ఇన్‌స్టాలర్ స్వాప్ వరస పక్కన ‘ఫార్మాట్’ అని టిక్ పెట్టి ఉంటే తీసేయండి.