ఊరి దస్త్రాలు: సేత్వార్ నుంచి భూ భారతి దాకా

తెలంగాణ పల్లెల్లో కాగితాన్ని పద్ధతిగా దాచే పని ప్రధానంగా శిస్తు కోసం సాగింది. వనపర్తి ప్రాంతం నిజాంకు పేష్కష్ (కప్పం) కడుతూ, సొంత రెవెన్యూ యంత్రాంగం నడుపుకున్న సంస్థానం. నిజాం నేరుగా పాలించిన ఖాల్సా గ్రామాల్లో దివాన్ సాలార్‌జంగ్ సంస్కరణల దరిమిలా సర్వే జరిగి, సేత్వార్ అనే మూల రిజిస్టరు పుట్టింది. సర్వే నంబరు, విస్తీర్ణం, తరి (మాగాణి), ఖుష్కి (మెట్ట), శిస్తు, పట్టాదారు పేరు అందులోకి ఉర్దూలో ఎక్కాయి.

దస్త్రాలు ఉండేది కచేరీలో కాదు, పట్వారీ ఇంట్లో. ఆ పని వంశపారంపర్య వతన్. పట్టా ఎవరిది, సాగు ఎవరిది, పంట ఏమిటి అన్నది పహాణీలో ఏటేటా రాయాలి. పట్టా మార్పులు ఫైసల్ పట్టీకి ఎక్కాలి. జమాబందీ నాడు పై అధికారి లెక్క సరిచూసేవాడు. ఆ తనిఖీ ఏడాదికోసారి, రాసే చెయ్యి మాత్రం ఏడాది పొడుగునా ఊళ్లోనే. రైతు తన పేరు చూసుకోవాలన్నా పట్వారీ మూట విప్పాల్సిందే. పట్వారీ పెత్తనంలో సగం ఆ మూటదే.

1949లో జాగీర్లు, సంస్థానాలు రద్దయ్యాయి. 1358 ఫస్లీ నాటి హక్కుల రికార్డు నిబంధనల కింద 1954-55లో ఖాస్రా పహాణీ తయారైంది. భూమి ఎవరి అనుభవంలో ఉందో అందులో నమోదు చేశారు. నేటికీ కోర్టుల్లో భూతగాదా వస్తే వకీళ్లు ముందుగా వెతికే నకలు అదే.

1984 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం పటేల్, పట్వారీ పదవులను రద్దు చేసింది. మరుసటి ఏడాది మండలాలు వచ్చాక దస్త్రాలకు మండల కార్యాలయం నెలవైంది. మూటలన్నీ చెక్కుచెదరకుండా చేతులు మారాయని ఎవరూ అనలేరు.

కంప్యూటరు వచ్చాక ప్రశ్న మారింది. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం ప్రకారం, భద్రపరచాల్సిన ఎలక్ట్రానిక్ రికార్డు తర్వాత కూడా తెరిచి చదవడానికి వీలుగా ఉండాలి. ఎక్కడి నుంచి, ఎక్కడికి, ఎప్పుడు వెళ్లిందో తెలియాలి. భూమి దస్త్రాల విషయానికొస్తే, 2020 అక్టోబరు 29న మొదలైన ధరణి పోర్టల్, పహాణీలోని అనుభవదారు గడిని వదిలేసింది. వెతకడం తేలికైనా, సాగు ఎవరిదన్న ప్రశ్నకు జవాబు పోయింది. 2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూ భారతి వచ్చింది.