బర్మా టేకు మెట్ల దగ్గర

బాలూగంజ్ నుంచి ఎక్కుతున్నంతసేపూ మీకు భవనం కనబడదు. అన్నీ దేవదారు చెట్లే. చివరి మలుపు తిరిగాక ఒక్కసారిగా బూడిదరంగు రాతి గోడలు, బురుజులు, కింద ఒత్తుగా పచ్చిక. సిమ్లా వైస్‌రీగల్ లాడ్జి ఇదే. టికెట్ చూపించి గుంపులో నిలబడండి. ఫోన్లు జేబులో పెట్టుకోమని గైడు ముందే చెప్పేస్తాడు.

గుమ్మం దాటగానే తల దానంతటదే పైకి లేస్తుంది. హాలు మూడంతస్తుల ఎత్తు. చుట్టూ వసారాలు, ఓ పక్క నుంచి పైకి పోయే వెడల్పాటి మెట్లు, ఎటు చూసినా నిగనిగలాడే చెక్క. మెట్ల కటకటాల మీద చెయ్యి వేశారా? అది బర్మా టేకు. 1886 జనవరి 1న బర్మాను బ్రిటిష్ రాజ్యంలో కలిపేసుకున్నట్టు ప్రకటించిన వైస్రాయ్ డఫరిన్. ఆ ఏడాది ఈ కొండ మీద ఇల్లు కట్టిస్తున్నదీ ఆయనే. బర్మా రాజుల పాత రాజధాని ఆవా పేరును కూడా తన బిరుదులో చేర్చుకున్నాడు. రాజ్యం పోయింది, చెక్క వచ్చింది.

వచ్చింది ఎలాగంటారా? అప్పటికి కల్కా దాకా కూడా రైలు లేదు. ఇంత సరంజామా బళ్ల మీదా కంచరగాడిదల మీదా ఘాట్ రోడ్డెక్కాల్సిందే. నక్షా గీసిన హెన్రీ ఇర్విన్ పేరు గైడు చెబుతాడు. మోసినవాళ్ల ఊసెత్తడు.

1888 జూలై 23న డఫరిన్ దంపతులు ఇందులో కాపురం పెట్టారు. అంతకుముందున్న పీటర్‌హాఫ్ ఇరుకు కొంప. ఇక్కడ కరెంటు దీపాలు! గదిలో తిరుగుతూ స్విచ్చులు నొక్కుకోవడం ఎంత సరదాగా ఉందో లేడీ డఫరిన్ రాసుకుంది. బట్టలుతకడానికీ ఇంట్లోనే ఏర్పాటు. ఏటి ఒడ్డున ఉతుక్కునే చాకళ్లు దీనికి అలవాటు పడతారా అని ఆమె అనుమానం. ఇంతా చేసి వాళ్లు ఉన్నది ఆ ఒక్క సీజనే. డిసెంబరులో లాన్స్‌డౌన్‌కు పదవి అప్పగించి వెళ్లిపోయారు.

పక్క గదిలో గుంపంతా ఒక బల్ల చుట్టూ మూగింది. దేశవిభజన మీద సంతకాలు దీని మీదే జరిగాయన్న మాట ఎవరో ఒకరు అననే అంటారు. నమ్మకండి. విభజన ప్రణాళికను ప్రకటించింది 1947 జూన్ 3న, ఢిల్లీలో. ఈ ఇంట్లో జరిగింది వేరు. నన్నడిగితే అదే అసలు కథ.

1947 మే 10, రాత్రి. నెహ్రూ ఇక్కడ వైస్రాయ్ మౌంట్‌బాటన్‌కు అతిథి. లండన్ నుంచి సవరించి పంపిన ప్రణాళిక వచ్చింది. మిగతా నాయకులెవరికీ చూపని ఆ కాగితాలను పడుకోబోయే ముందు మౌంట్‌బాటన్ ఆయన చేతిలో పెట్టాడు. నెహ్రూ చదివారు. ఏ రాష్ట్రం దారి ఆ రాష్ట్రం చూసుకోవచ్చన్నట్టుంది వరస. దేశం రెండుగా కాదు, చెక్కలు చెక్కలుగా పోతుంది. నిద్ర ఎక్కడిది? అదే ఇంట్లో దిగిన మిత్రుడు కృష్ణ మీనన్ గదిలోకి మండిపడుతూ వెళ్లారు. తెల్లారేసరికి వైస్రాయ్‌కి ఘాటైన ఉత్తరం. ఆ రోజే వైస్రాయ్ సలహాదారు వి.పి. మీనన్ కొత్త ముసాయిదా రాయడానికి కూర్చుని సాయంత్రానికల్లా ముగించాడు. రెండేళ్ల కిందట, 1945 జూన్ 25 నుంచి జూలై 14 దాకా అప్పటి వైస్రాయ్ వేవెల్ ఇదే భవనంలో నాయకులందరినీ కూర్చోబెట్టి మాట్లాడించినా, వైస్రాయ్ మండలిలో ముస్లిం సభ్యులను ముస్లిం లీగే ఎంపిక చేయాలన్న జిన్నా పట్టుతో ఏమీ తేలలేదు. తేలింది ఇలా, ఒక పడకగదిలో.

ఇక ముందుకు నడవండి. ఒకప్పుడు దొరలూ దొరసానులూ నాట్యమాడిన గదిలో ఇప్పుడు పుస్తకాల బీరువాలు. స్వాతంత్ర్యం వచ్చాక ఇది రాష్ట్రపతి నివాస్ అయింది. ఏడాదిలో నాలుగు రోజులు విడిది చేయడానికి ఇంత మేడ ఎందుకనిపించింది కాబోలు, అప్పటి రాష్ట్రపతి రాధాకృష్ణన్ దీన్ని విద్యకు ఇచ్చేశారు. 1965 అక్టోబరు 20న ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అడ్వాన్స్‌డ్ స్టడీని ఆయనే ప్రారంభించారు.

గైడు హిందీలో ఆ పేరు చెప్పగానే మీ వెనక నుంచి తెలుగు వినబడుతుంది. విశాఖపట్నం కుటుంబం.

"తాతయ్యా, ఈయన మన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారేనా?"

"ఆయనేరా. మన యూనివర్సిటీకి వైస్ ఛాన్సలర్‌గా చేశారు, మా నాన్న చదివే రోజుల్లో. ఇల్లు చేతికొస్తే లైబ్రరీ పెట్టక ఇంకేం చేస్తారు!"